డాబా మీది ఏకగ్రీవం

పరిశోధక విద్యార్థినుల వసతిగృహం,
మెట్ల కింది గది

మామయ్యకు,

నమస్కారం. ఫోనులో నేను నిన్ను ఒక్క వాక్యమూ పూర్తి చేయనివ్వనని, ఇకమీదట ఏమున్నా ఉత్తరం రాసి తగలడమని నువ్వు విధించిన శిక్షను శిరసావహిస్తున్నాను. శిక్ష అన్యాయమైనదని మాత్రం మొదటి పేరాలోనే నమోదు చేస్తున్నాను. నీ వాక్యాలు మధ్యలో ఆగిపోయేది నా వల్ల కాదు. ఎటు పోతున్నాయో వాటికే తెలియకపోవడం వల్ల.

ఇక విషయం. ప్రజాస్వామ్యంలో ఓటు అందరికీ సమానమే కదా, మరి మాట అందరిదీ సమానంగా ఎందుకు చెల్లదు? నా పరిశోధన అంతా ఈ ఒక్క ప్రశ్న మీదే. చాలా దేశాల్లో పండితులు దీన్నే తవ్వుతున్నారు. వారి పద్ధతి చూడడానికి సులువు. కలిగినవారూ లేనివారూ ఒకే మాట మీద ఉన్నప్పుడు ఎవరి మాట నెగ్గిందో తేల్చలేం. కనుక ఇరువురూ చెరో దారి పట్టిన విషయాలను మాత్రమే ఏరి, చివరికి పాలకులు ఎవరి దారిన నడిచారో చూస్తారు. జవాబు నువ్వు ఊహించగలవు. ఊహించడం నీకు చాలు, నాకు చాలదు.

మొన్న మా పర్యవేక్షకురాలు నా అధ్యాయాలు తిరగేసి, "సిద్ధాంతం దండిగా ఉంది. మనుషులే కనబడడం లేదు" అన్నారు. ఆమెతో ముప్పావు గంట వాదించాను. ఓడిపోయాను. కాబట్టి నాకిప్పుడు మనుషులు కావాలి. నువ్వు మీ అపార్ట్‌మెంటు నివాసుల సంఘానికి పదకొండేళ్ళుగా అధ్యక్షుడివి. కళ్ళద్దాల దుకాణం గురించి నిన్ను ఎవరైనా అడిగితే రెండు ముక్కలు చెప్పి ఊరుకుంటావు. సంఘం గురించి అడిగితే కుర్చీ లాక్కుంటావు. ఇకపై మీ భవనం నా ప్రయోగశాల. ఇన్నేళ్ళలో ఏమేమి నిర్ణయించారో, ఎవరు ఒప్పుకున్నారో, ఎవరు అడ్డుపడ్డారో వివరంగా రాయగలవు.

అత్తయ్యకు నమస్కారాలు.

నీ మేనకోడలు


కళ్ళద్దాల దుకాణం,
బేరాల్లేని మధ్యాహ్నం

చిరంజీవి లాపాయింటుకు,

మామయ్య ఆశీస్సులు. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి కోపం వచ్చింది. రెండోసారి నా అద్దాలు మార్చుకుని చదివాను. మూడోసారి, నా భవనాన్ని ప్రయోగశాల అన్నావు కదా, కాస్త గర్వం కూడా వేసింది.

అడ్డుపడినవాళ్ళ గురించి అడిగావు. మా సంఘంలో అడ్డుపడ్డం అనేదే లేదమ్మా. పదకొండేళ్ళలో ప్రతి తీర్మానమూ ఏకగ్రీవమే. ఏటేటా నన్ను ఎన్నుకోవడమూ ఏకగ్రీవమే. మీటింగు నెలకోసారి డాబా మీద పెడతాం, గాలి బాగుంటుందని. లిఫ్టు అయిదో అంతస్తులో ఆగిపోతుంది, అక్కణ్ణుంచి నిచ్చెన లాంటి ఇనుప మెట్లుంటాయి. ఓపికున్నవాళ్ళు ఎక్కి వస్తారు. రానివాళ్ళకి అభ్యంతరం లేదనే కదా అర్థం. సొంతదార్లకే ఓటు, అదీ ఇంటికి ఒకటే. మా ఇంటి ఓటు నేనే వేస్తాను. మీ అత్తయ్యకి ఇలాంటివాటి మీద ఆసక్తి లేదు. పైగా మోకాళ్ళు.

నిర్ణయాలంటావా, మచ్చుకి ఒకటి చెప్తాను. పై అంతస్తులవాళ్ళు వేకువనే స్నానాలు చేసి వాకింగుకి పోతారు. నీళ్ళు చాలడం లేదన్నారు. తెల్లారకముందే మోటారు వేయించేలా తీర్మానం చేశాను. నోరెత్తినవాడు లేడు.

ఇప్పుడు అసలు సంగతి. డాబా మీద చేతులున్న కుర్చీ ఒక్కటే ఉంది. మిగతావాళ్ళు పిట్టగోడ మీదా, నీళ్ళ ట్యాంకు దిమ్మ మీదా సర్దుకుంటారు. ఆ కుర్చీ నాది. నువ్వు నవ్వుతావని తెలుసు. దుకాణంలో పొద్దస్తమానం నిలబడే ఉంటాను. ఇంట్లో ఎక్కడ కూర్చున్నా లెమ్మంటుంది మీ అత్తయ్య, ఊడవాలనో దులపాలనో. నెలకోసారి ఆ కుర్చీలో కూర్చుని, "అందరికీ సమ్మతమేనా?" అంటాను. అందరూ "సమ్మతమే" అంటారు. ఆ ఒక్క మాటకోసం నెలంతా బతికేస్తానే. కొత్త ఎన్నిక మూడు నెలల్లో ఉంది. నీ ప్రయోగం వల్ల ఆ కుర్చీకేమన్నా అవుతుందా? ఆ ముక్క ముందు తేల్చు, తరవాత నీ ఇష్టం.

మామయ్య


పరిశోధక విద్యార్థినుల వసతిగృహం

మామయ్యకు,

నీ ఉత్తరాన్ని నా గది సహచరికి చదివి వినిపించాను. ఆమె గణాంక శాస్త్ర విద్యార్థిని, సాధారణంగా నవ్వదు. నవ్వింది.

మీది మోకాళ్ళ మీద నిలబడిన ఏకగ్రీవం. మీ భవనంలో ఓటర్ల జాబితాను తయారు చేసేవి ఆ ఇనుప మెట్లు. ఎక్కగలిగినవారు ప్రజలు, ఎక్కలేనివారు "అభ్యంతరం లేనివారు." ఎంత చక్కని రాజ్యాంగం. పాలకులు జనాన్ని కాదనేది చాలా అరుదు. ఏ జనం తమ ఎదుట కూర్చోగలరో ముందే ఏర్పాటు చేసుకుంటారు, ఆ తరువాత హాయిగా అందరి మాటా వింటారు. ఈ వాక్యాన్ని అధ్యాయంలో వాడుకుంటున్నాను, నీకు కృతజ్ఞతలు చెబుతాను.

ప్రయోగం ఇదీ. వచ్చే సమావేశాన్ని డాబా మీది నుంచి దించి, కింద కార్లు నిలిపే చోట పెట్టు. అద్దెకున్నవారైనా సరే, ఆ కప్పు కింద నిద్రపోయే ప్రతి మనిషికీ మాట్లాడే హక్కు ఇవ్వు. ఒక్కొక్కరికీ మూడు నిమిషాలు, అధ్యక్షుడికి కూడా మూడే. జరిగింది జరిగినట్లు నాకు రాయి. అలంకారాలు వద్దు.

కుర్చీ సంగతి అడిగావు. పదవిలో ఉన్నవాడే మళ్ళీ నెగ్గడానికి అవకాశాలు ఎక్కువని చదివిన ప్రతిచోటా కనిపిస్తోంది. జనానికి పాత ముఖమంటే నమ్మకం, కొత్త ముఖమంటే బద్ధకం. కనుక నీ కుర్చీకి శాస్త్రమే పూచీ. శాస్త్రం తప్పితే నేను పూచీ.

అత్తయ్యకు నమస్కారాలు.

నీ మేనకోడలు


కళ్ళద్దాల దుకాణం,
వాన పడుతోంది, ఎవరూ రారు

లాపాయింటూ,

నీ శాస్త్రానికో దండం, నీ పూచీకో దండం.

మీటింగు కింద పెట్టాను. డాబా మీదకి వచ్చేది ఎప్పుడూ అదే పదిమంది. ఈసారి కార్ల మధ్య నిలబడ్డానికి చోటు లేదు. ఈ భవనంలో ఇంతమంది ఉన్నారని నాకే తెలీదు. ఒకాయన ఎవరని అడిగితే, నాలుగేళ్ళుగా మీ పక్కింట్లోనే ఉంటున్నానండీ అన్నాడు.

నా కుర్చీ కిందకి మోయించి, అద్దాలు తుడుచుకుని, "అందరికీ సమ్మతమేనా?" అన్నాను. "ఏది?" అని వెనకనుంచి ఎవరో అన్నారు. పదకొండేళ్ళలో ఆ మాట నేను వినలేదు. ఏదో నాకూ గుర్తు రాలేదు.

ఇంతలో రెండు కార్ల మధ్యనుంచి ఒక చెయ్యి లేచింది. గాజులు చూసి గుర్తుపట్టాను.

"అధ్యక్షులవారూ, ఒక ప్రశ్న" అంది మీ అత్తయ్య.

పెళ్ళయినప్పట్నుంచీ నన్ను ఎవరైనా "అధ్యక్షులవారూ" అనాలని ఉండేది. ఈవిడ అంటుందనుకోలేదు.

"తెల్లారకుండానే మోటారు ఎందుకు వేయిస్తున్నారు? అది మా పడగ్గది కిటికీ కిందే ఉంది. కొన్నేళ్ళుగా కోడికంటే ముందు లేస్తున్నాను."

"అలాంటివి ఇంట్లో మాట్లాడుకోవచ్చు కదా" అన్నాను గొంతు తగ్గించి.

"ఇంట్లో అడిగితే మీటింగులో చెప్పమన్నారు. మీటింగేమో డాబా మీద పెట్టుకున్నారు."

జనం నవ్వడం అటుంచు, మా డ్రైవరు కూడా నవ్వాడు. నాకు ఆ మోటారు మోత వినపడదు, నేను పడుకుంటే పిడుగుపడ్డా లేవను. అది నా తప్పా?

తరవాత కింది వాటాలో ఒంటరిగా అద్దెకుండే పళ్ళ డాక్టరమ్మ లేచింది. మన నోట్లో పనిముట్లు పెట్టి, జవాబు రాదని తెలిసీ ప్రశ్నలడిగే మనిషి. "అందర్నీ నోరు తెరవమంటాను, ఇన్నాళ్ళూ నా నోరే తెరవలేదు" అంటూ మొదలుపెట్టి, ట్యాంకు పొంగితే నీళ్ళన్నీ తన గుమ్మంలోకే వస్తున్నాయంది. నేను నోరు తెరిచాను గానీ జవాబు రాలేదు. చివర్లో మీ అత్తయ్యని చూపించి, "పాపం ఆవిడ మోకాళ్ళు పట్టుకుని నిలబడ్డారు, ఎవరైనా కుర్చీ ఇవ్వండి" అంది. అక్కడున్నది ఒక్కటే కుర్చీ. అందరూ నావైపే చూశారు.

మిగతా మీటింగు నిలబడి నడిపాను.

వెళ్తూ వెళ్తూ డాక్టరమ్మ, ఎన్నికలో తానూ నిలబడతానంది. అద్దెవాళ్ళు నిలబడే నిబంధన లేదన్నాను. "మార్చుకుందాం" అని గుంపు గుంపంతా అంది. అదీ ఏకగ్రీవమే అనుకో. ఇప్పుడు చెప్పు, పూచీ ఎవరు?

మామయ్య


పరిశోధక విద్యార్థినుల వసతిగృహం

మామయ్యకు,

అద్భుతం. నిలబడి నడిపిన అధ్యక్షుడు అన్న ఉపశీర్షిక ఇప్పుడే పెట్టాను. అధ్యాయం పేరు "ఇనుప మెట్ల రాజ్యాంగం." ముప్పై పుటలు పూర్తయ్యాయి. మీ భవనంలో ఇంతకాలం వినబడని గొంతులన్నింటికీ ఆ పుటల్లో చోటిచ్చాను. రేపు పర్యవేక్షకురాలికి సమర్పిస్తున్నాను. ఈసారి ఆమె వాదించడానికి ఏమీ మిగల్చలేదు.

ఇక నీ గోడు. అద్దెకున్నవారిని నిలబడనివ్వు. అడ్డుకుంటే నా అధ్యాయంలో నీ పక్కన ఏ విశేషణం చేరుతుందో నువ్వే ఆలోచించుకో. అంతకంటే ముఖ్యంగా, ఇంటికొక ఓటు అన్న నిబంధనను ఎత్తివేసి, వయసు వచ్చిన ప్రతి వ్యక్తికీ ఒక ఓటు ఇవ్వు. చీటీలు మడిచి డబ్బాలో వేయాలి, ఎవరిది ఎవరూ చూడకూడదు. బెంగపడకు, దీనివల్ల లాభపడేది నువ్వే. లెక్క చూడు: డాక్టరమ్మ ఒంటరిది, ఆమె ఇంటి నుంచి ఆమెకు ఒక్క ఓటు. మీ ఇంటి నుంచి నీకు ఇకపై రెండు. పోటీ మొదలు కాకముందే ఒక ఓటు ముందున్నావు. సమానత్వం నిన్ను ఇంతగా కాపాడుతుందని నువ్వు ఊహించి ఉండవు.

నీ కోసం ఎన్నికల ప్రసంగం ఒకటి రాసి జతచేశాను. నాలుగు పుటలే. రెండో పుటలో నిట్టూర్పు విడవవలసిన చోట గీత గీశాను.

అత్తయ్యకు నమస్కారాలు.

నీ మేనకోడలు


కళ్ళద్దాల దుకాణం,
బోర్డు తిప్పేసి రాస్తున్నాను

లాపాయింటూ,

గెలిచాను. ఒక్క ఓటు తేడాతో.

నీ ప్రసంగం మొదటి పుట చదివేసరికి నలుగురు వెళ్ళి కార్లు తుడుచుకోవడం మొదలుపెట్టారు. మడిచి జేబులో పెట్టుకుని, "మోటారు తెల్లారాకే వేద్దాం, ట్యాంకుకి తూము పెట్టిద్దాం, మీటింగులు ఇక్కడే పెట్టుకుందాం" అన్నాను. డాక్టరమ్మ కూడా అచ్చం అవే మూడూ చెప్పింది. ఇంక ఎవరికి ఎందుకు వేశారో దేవుడికెరుక.

గెలిచానన్న సంతోషం కుర్చీలో కూర్చునేదాకా ఉంది. కూర్చోగానే బుర్రలో పురుగు తొలవడం మొదలైంది. ఒక్క ఓటు. అంటే మీ అత్తయ్య నాకు వేసిందా, డాక్టరమ్మకి వేసిందా? చీటీ డబ్బాలో వేసొచ్చి, ఏమీ ఎరగనట్టు చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. లిఫ్టు ఎక్కుతూ మెల్లగా అడిగాను.

"ఎటు వేశావ్?"

"రహస్యం అట కదా."

"నాకు కూడానా?"

"మీకే ముఖ్యంగా" అంది. "మీ మేనకోడలి ఉత్తరం నేనూ చదివాను. మన ఇంటి నుంచి మీకు రెండు ఓట్లని మీరిద్దరూ లెక్కేసుకున్నారట."

అంతే. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఎత్తినా బాగుండు. చక్కగా నవ్వుతోంది, అన్నం పెడుతోంది, అదే నాకు భయంగా ఉంది.

ఆ రోజునుంచీ నా బతుకు మారిపోయిందే. మోటారు నేనే దిగి వెళ్ళి, ఎండ పడ్డాక వేసి, ట్యాంకు నిండగానే ఆపుతున్నాను. ఆవిడ కోసం ఇంకో చేతుల కుర్చీ కొన్నాను. నేను పేపరు చదువుతుండగా ఆవిడ ఏదన్నా అంటే, పేపరు పక్కన పెట్టి పూర్తిగా వింటున్నాను. నిన్న దుకాణంలో ఒకాయన కళ్ళకి అద్దాలు మారుస్తూ, "ఇది బాగుందా? ఇందాకటిది బాగుందా?" అని అడుగుతున్నాను. ఇన్నేళ్ళుగా రోజంతా ఊళ్ళోవాళ్ళని అడిగే ఈ ప్రశ్న ఇంట్లో ఒక్కసారీ అడగలేదేమిట్రా అనిపించి, ఆ ముసలాయన కళ్ళ ముందు అద్దం పట్టుకుని అలాగే ఉండిపోయాను. ఆయన నాకే ఏదో అయిందనుకుని నీళ్ళిచ్చాడు.

నువ్వే అడుగు. నీకైతే చెప్తుంది. వ్యతిరేకంగా వేసిందని తెలిస్తే ఒక ఏడుపు ఏడ్చి ఊరుకుంటాను. తెలియకపోవడమే చంపేస్తోంది.

మామయ్య


పరిశోధక విద్యార్థినుల వసతిగృహం,
మెట్ల కింది గది

అత్తయ్యకు,

నమస్కారాలు. ఇది నేను నీకు విడిగా రాస్తున్న మొదటి ఉత్తరం అని కలం పట్టుకున్నాకే తెలిసింది.

పర్యవేక్షకురాలు నా ముప్పై పుటలూ చదివారు. "మనుషులు కావాలన్నాను, తెచ్చావు. కానీ ఒక్కడినే తెచ్చావు. వాడు కూడా అధ్యక్షుడు" అన్నారు. ఎవరి మాట చెల్లడం లేదో కనుక్కుంటానని బయలుదేరి, ఆ సంగతంతా కుర్చీలో ఉన్న మనిషినే అడిగి తెలుసుకున్నాను. వాదించడానికి నోరు తెరిచాను. వాదన దొరకలేదు. ఇది నాకు కొత్త అనుభవం, వర్ణించడం చేతకావడం లేదు.

నీ మోకాళ్ళ గురించి రెండు పుటలు రాశాను, నీ నిద్ర గురించి ఒకటి, నీ ఓటు గురించి ఒక లెక్క. నిన్ను మాత్రం ప్రతి ఉత్తరం చివరా ఒక్క ముక్కలో పలకరించి ఊరుకున్నాను.

నువ్వు ఎటు వేశావో అడగమని మామయ్య వేడుకుంటున్నాడు. ఆయన తరఫున ఆ ప్రశ్న నీకు చేరవేశాను, జవాబు చెప్పనక్కరలేదు. నా తరఫున అడిగేది వేరు. ఇన్నేళ్ళూ ఆ భవనంలో నీకేమి కావలసి వచ్చింది? ఎవరికి చెప్పావు? చెప్పాక ఏమైంది? నేను అడ్డు రాను.

నీ మేనకోడలు


ఇల్లు,
మోటారు ఆగాక

అమ్మాయికి,

అత్తయ్య దీవెనలు. నువ్వు అడ్డు రానని రాసిన కాగితం జాగ్రత్త చేసి పెట్టుకున్నాను, తర్వాత పనికొస్తుంది.

ముప్పై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో చేశాను, నీకు గుర్తుందో లేదో. వాళ్ళ మాట వీళ్ళకీ వీళ్ళ మాట వాళ్ళకీ కలపడమే పని. మధ్యలో మనం దూరకూడదు. అలవాటైపోయి ఇంట్లోనూ దూరలేదు. నాకేం కావాలన్నావు. నిద్ర కావాలి. ఇంకా చాలా ఉన్నాయి, అవి ఉత్తరంలో పట్టవు. నువ్వు రా. పార్కింగులో కూర్చుందాం. డాక్టరమ్మని, మూడో అంతస్తు టైపిస్టుని, పక్కింటాయన్ని కూడా పిలుస్తాను. వాళ్ళని నువ్వే అడుగు, నా నోటినుంచి రాసుకోకు.

ఓటు సంగతి. నేను మీ మామయ్యకే వేశాను.

మొన్న పార్కింగులో, "అందరికీ సమ్మతమేనా?" అన్నప్పుడు ఆయన మొహం చూశాను. డాబా ఎక్కలేదు కదా, అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. పెళ్ళి ఫొటోలో కూడా ఆయన మొహం అంత వెలగలేదు. దాన్ని తీసేయడానికి నాకు చెయ్యి రాలేదు. పైగా ఆ కుర్చీ పోతే ఆయన ఇంట్లో అధ్యక్షత మొదలుపెడతారు. అది నేను పడలేను.

ఒక్క ఓటు తేడా అంటే నాదే అనుకో, ఇంకెవరిదైనా అనుకో. ఆయనకి మాత్రం చెప్పకు. వేశానని తెలిసిన మర్నాటినుంచి మోటారు మళ్ళీ తెల్లారకుండా మోగుతుంది. ఓటు ఎటు పడుతుందో తెలిసిపోయిన మనిషి మాట ఎవరు వింటారు? పదకొండేళ్ళు మా ఇంటి ఓటు ఆయనదేనని అందరికీ తెలుసు, ఆయనకీ తెలుసు. ఇప్పుడు చూడు, పేపరు మడిచి పక్కన పెడుతున్నారు.

నీ పుస్తకంలోనూ రాయకు. ఆయన చదువుతారు.

అత్తయ్య


పరిశోధక విద్యార్థినుల వసతిగృహం

మామయ్యకు,

నమస్కారం. అత్తయ్యను అడిగాను. ఆమె జవాబు రాసింది. అదేమిటో నీకు చెప్పను. ఓటరు రహస్యాన్ని కాపాడడం ప్రజాస్వామ్యంలో పరిశోధకుల మొదటి ధర్మం.

వచ్చే ఏడాది ఎన్నిక మళ్ళీ ఉందని మాత్రం గుర్తుచేస్తున్నాను.

అధ్యాయం మొదటినుంచీ రాస్తున్నాను. వచ్చే నెల సమావేశానికి వస్తాను. వెనక వరుసలో కూర్చుంటాను. నాకు మూడు నిమిషాలు ఇవ్వనక్కరలేదు.

ఇన్నాళ్ళుగా నీకు నేను రాసినవాటిలో అతి చిన్న ఉత్తరం ఇదే. వాదన లేక కాదు.

నీ మేనకోడలు